ఆదివారం పొద్దున్నే కృష్ణ మీదికి

విజయవాడ దగ్గర కృష్ణ మీద ఇటీవల జరిగిన పెద్ద వేడుకలంటే మూడు గుర్తొస్తాయి. 2018 నవంబరు 16 నుంచి 18 దాకా ఎఫ్1హెచ్2ఓ పవర్‌బోట్ పందేలు జరిగాయి. 2024 అక్టోబరు 22 రాత్రి పున్నమి ఘాట్ దగ్గర 5,500 డ్రోన్లు లేచి ఆకాశంలో బొమ్మలు కట్టాయి, గిన్నిస్ రికార్డులూ తెచ్చాయి. అదే ఏడు నవంబరు 9న అక్కడే ఒక సీప్లేన్ నీళ్ల మీద పరుగెత్తి గాల్లోకి లేచి ముఖ్యమంత్రిని శ్రీశైలం తీసుకెళ్లింది. మూడింటికీ జనం విరగబడి వచ్చారు. మూడింట్లోనూ జనానికి దక్కిన పని ఒక్కటే, ఒడ్డున నిలబడి చూడటం. వేడుక ముగిశాక ఎవరి దారి వాళ్లది, నది దారి నదిది. వేడుకలు చేయొద్దని ఎవరూ అనరు. కానీ నది పక్కన బతికే ఊరికి వీటికంటే చిన్నదీ, చవకైనదీ, ఏళ్ల తరబడి నిలిచేదీ ఒకటి కావాలి. వారం వారం మామూలు మనుషులు గుంపుగా తెడ్లు పట్టుకుని నీళ్ల మీదికీ, సైకిళ్లేసుకుని కరకట్ట మీదికీ వెళ్లే ఏర్పాటు అది. దాన్ని ఆటగానో, పర్యాటకంగానో చూస్తే దాని విలువలో సగం కూడా లెక్కకు రాదు. నదికి కాపలా పెట్టడానికి మనకు తెలిసిన పద్ధతుల్లో ఇంత తక్కువ ఖర్చుది ఇంకోటి లేదన్నదే ఈ కథనం చేసే వాదన.

ఈ పనికి విజయవాడ కంటే అనువైన ఊరు దేశంలో తక్కువ. 1852-55 మధ్య కెప్టెన్ ఓర్ కట్టించిన ఆనకట్ట 1952 వరదకు దెబ్బతింది. దాని బదులు 1957లో 1,223.5 మీటర్ల ప్రకాశం బ్యారేజీ వచ్చింది. డెబ్భై గేట్ల వెనక మూడు టీఎంసీల నీళ్లు నిలబడి ఉంటాయి. గేట్లన్నీ దించి ఉన్న రోజుల్లో ఆ నీటికి ఉరవడి దాదాపు ఉండదు, మట్టం పెద్దగా మారదు. తెడ్డు పట్టడం కొత్తగా నేర్చుకునేవాళ్లకు కావలసింది సరిగ్గా ఇలాంటి నీళ్లే. మధ్యలో 133 ఎకరాల భవానీ ద్వీపం ఉంది. బ్యారేజీ దగ్గర బయల్దేరే బందరు, ఏలూరు, రైవస్ కాలువలు మూడూ ఊరి నడుమ నుంచే పోతాయి. దక్షిణాన సీతానగరం, ఉండవల్లి మీదుగా అమరావతి వైపు ఒక కరకట్ట. దిగువన యనమలకుదురు నుంచి తోట్లవల్లూరు, కృష్ణా జిల్లా శ్రీకాకుళం మీదుగా అవనిగడ్డ దాకా ఇంకో కరకట్ట. ఇన్ని ఉన్న ఊళ్లో సగటు మనిషికి నదితో ఉన్న పరిచయం ఏపాటిది? పుష్కరాలకు ఒక మునక, కార్తీకంలో ఒక వనభోజనం, చుట్టాలొచ్చినప్పుడు టిక్కెట్టు కొని మోటారు బోటులో ద్వీపం దాకా ఒక చుట్టు. మిగిలిన రోజుల్లో బ్యారేజీ దాటుతూ బండి మీంచి పక్కచూపు చూడటమే.

ఎప్పుడూ ఇలాగే లేదు. డెల్టా కాలువలు సాగునీటి కోసం ఎంతగా తవ్వారో పడవల రాకపోకల కోసమూ అంతగా తవ్వారు. లాకుల దగ్గర పడవ ఆగడం, తలుపులు వేసి నీళ్లు నింపడం, పడవ పై మట్టానికి లేచాక సాగిపోవడం ఒకనాడు నిత్యం జరిగిన పని. ఏలూరు కాలువ మీదుగా గోదావరి డెల్టాకు వెళ్లొచ్చు. పడమటి గట్టున కొమ్మమూరు కాలువ పట్టుకుని పెదగంజాం దాకా పోతే అక్కడ బకింగ్‌హాం కాలువలో పడి మద్రాసు చేరొచ్చు. ధాన్యం, ఉప్పు, కలప, మనుషులు అన్నీ అలాగే వెళ్లేవి. రైలూ లారీ వచ్చాక పడవలు ఆగిపోయాయి. ఆ నష్టాన్ని మనం సరుకు రవాణా లెక్కల్లోనే చూశాం. పడవ నడిచినన్నాళ్లూ కాలువ ప్రతి మలుపునూ రోజూ ఎవరో ఒకరు చూస్తూ ఉండేవారు. గట్టు తెగితే, చెట్టు అడ్డం పడితే, ఎవరైనా పాక వేసి కాలువలోకి జరిగితే సరంగుకు అదే రోజు తెలిసేది, ఎందుకంటే అతని పని ఆగేది. పడవలు పోయాక ఆ కళ్లు పోయాయి. ఇళ్లు కాలువకు వీపు తిప్పాయి, మురుగు గొట్టాలు కాలువలోకి తిరిగాయి. ఏటా వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు అడుగున బయటపడే ప్లాస్టిక్‌ను చూసి నాలుగు రోజులు బాధపడతాం. జూన్‌లోనో జూలైలోనో నీళ్లు వదలగానే చెత్త మునుగుతుంది, బాధ కూడా దాంతోనే మునుగుతుంది.

వాడేవాళ్లుంటే నది బాగుపడుతుందన్న మాటకు సాక్ష్యం ఉందా? ఉంది. అన్నిటికంటే బాగా నమోదైంది అమెరికాలో, మన పిల్లలు ఎంతోమంది చదువుకున్న బోస్టన్ పక్కన పారే చార్లెస్ నది దగ్గర. సుమారు 130 కిలోమీటర్ల ఆ నది ఇరవయ్యో శతాబ్దం నడిమికి మిల్లుల వ్యర్థాలతో, మురుగుతో ఎంత పాడైందంటే ఆ మురికి నీళ్ల మీద రాసి, 1966లో హిట్టయిన ఒక రాక్ పాట ఊరికి గుర్తుగా నిలిచిపోయింది. అయితే ఆ మురికిలోనే పడవలు తిరుగుతూ ఉన్నాయి. డబ్బున్నవాళ్ల క్లబ్బులతో పని లేకుండా అందరికీ తెరచాప పడవ నేర్పడానికి 1946లోనే అక్కడ కమ్యూనిటీ బోటింగ్ అనే సంస్థ వచ్చింది. నది కోసం చార్లెస్ రివర్ వాటర్‌షెడ్ అసోసియేషన్ 1965లో పుట్టింది. 1995లో ఆ దేశపు పర్యావరణ సంస్థ నదికి మార్కులు వేయడం మొదలుపెట్టినప్పుడు వచ్చిన గ్రేడు ‘డి’. తర్వాతి ఏళ్లలో అది ‘బి’ దాటి కొన్నిసార్లు ‘ఎ’ అంచుకు వెళ్లింది. 2011లో ఆ అసోసియేషన్‌కు అంతర్జాతీయ రివర్‌ప్రైజ్ వచ్చింది. బహుమతి కంటే మనం గమనించాల్సింది వాళ్ల రోజువారీ పద్ధతి. 1995 నుంచి నెలకోసారి తెల్లవారుజామున వాలంటీర్లు నది పొడవునా ముప్ఫై అయిదు చోట్ల సీసాల్లో నీళ్లు పడుతున్నారు. నీటి పరీక్షలు, వాన లెక్కలు చూసి పడవల రేవుల దగ్గర జెండాలు ఎగరేస్తారు. నీలం జెండా ఉంటే దిగొచ్చు, ఎరుపు ఉంటే ఆ రోజు వద్దు. ల్యాబు కాగితంలో పడి ఉండాల్సిన అంకె ఒక జెండాగా మారి, ఆదివారం తెడ్డుతో వచ్చినవాడి కంట పడుతుంది. వరసగా రెండు వారాలు ఎర్రజెండా కనిపిస్తే అతను ఊరుకోడు, ఎందుకని అడుగుతాడు.

ఇక్కడ వాదనను మరీ సాగదీయకూడదు. చార్లెస్ బాగుపడింది పడవవాళ్ల వల్లనే అంటే అబద్ధమవుతుంది. 1972 నాటి స్వచ్ఛజల చట్టం, 1980లలో కోర్టు ఆదేశాలు, వాటి వెనక మురుగు వ్యవస్థ మీద పెట్టిన భారీ ఖర్చు లేకపోతే ఎన్ని తెడ్లు వేసినా నీళ్లు తేటపడేవి కావు. కానీ చట్టాలు మనకూ ఉన్నాయి, కోర్టు ఆదేశాలూ ఉన్నాయి. కాలుష్య నియంత్రణ మండలి లెక్కలూ ఏటా వస్తూనే ఉన్నాయి. ఆ లెక్క తమకు ఎందుకు ముఖ్యమో ఒంటికి తెలిసిన కొన్ని వేల మంది మాత్రం మనకు లేరు. చట్టాన్ని అమలు చేయించేది అలాంటి జనమే.

అమెరికా మాట మనకెందుకు అనుకుంటే కేరళ చూద్దాం. కోజికోడ్ దగ్గర చాలియార్ నది ఒడ్డున మావూరు గుజ్జు కర్మాగారం వదిలిన వ్యర్థాల మీద అక్కడి జనం దశాబ్దాల తరబడి పోరాడారు. ఆ పోరాటాన్ని నడిపిన కె.ఎ. రహ్మాన్ 1999లో క్యాన్సర్‌తో చనిపోయారు. 2001 నాటికి ఫ్యాక్టరీ మూతపడింది. కాలుష్యం మీద గెలిచిన ఊళ్లు చాలావరకు అక్కడితో ఆగిపోతాయి. చాలియార్ వాళ్లు ఆగలేదు. 2015 నుంచి ఏటా నిలంబూరు నుంచి బేపూరు దాకా 68 కిలోమీటర్లు మూడు రోజుల పాటు గుంపుగా తెడ్లు వేసుకుంటూ దిగే యాత్ర అక్కడ మొదలైంది. కయాక్‌లు, నిలబడి తెడ్డు వేసే పలకలు, తెప్పలు అన్నీ వస్తాయి. కొత్తవాళ్లకు ముందు శిక్షణ ఇస్తారు. దారి పొడవునా నీళ్లలో తేలే ప్లాస్టిక్‌ను ఏరుకుంటూ వస్తారు. మూడు రోజుల్లో ఏరిన చెత్తతో నది శుభ్రపడిపోదు, అలాంటి అమాయకత్వం నిర్వాహకులకూ ఉండదు. కానీ చెత్త ఏ వాగు నోటి నుంచి వస్తోందో, ఏ ఊరి దగ్గర నీటి రంగు మారుతోందో తెడ్డు పట్టినవాడికి తెలిసినట్టు వంతెన మీంచి చూసేవాడికి తెలియదు.

సైకిలు మాట దగ్గరికి వద్దాం. పడవ నీళ్లను చూపిస్తుంది, సైకిలు ఒడ్డును చూపిస్తుంది. రెండూ కలిస్తేనే నది పూర్తిగా కనిపిస్తుంది. నది పాడయ్యేది ఎక్కువగా ఒడ్డు దగ్గరే. కారులో కరకట్ట మీద పోయేవాడికి అద్దంలోంచి పచ్చదనం కనిపిస్తుంది. నడిచేవాడు రెండు కిలోమీటర్లు పోయి వెనక్కి తిరుగుతాడు. సైకిలు మీద వెళ్లేవాడు ఒక పూటలో ముప్ఫై నలభై కిలోమీటర్లు చూడగలడు, ఎక్కడ కావాలంటే అక్కడ ఆగగలడు. యనమలకుదురులో బయల్దేరి పెదపులిపాక, చోడవరం, రొయ్యూరు మీదుగా తోట్లవల్లూరు చేరేలోపు అరటి, కంద, పసుపు పండే లంక భూములు కనిపిస్తాయి, ఇసుక కోసం తవ్విన గోతులూ కనిపిస్తాయి. ఇంకొంచెం ఓపిక ఉంటే ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న శ్రీకాకుళం దాకా పోవచ్చు. ఈ దారిలో ప్రతి వారం యాభై మంది తిరుగుతూ ఉంటే పోయిన వారం లేని గొయ్యి ఈ వారం ఎందుకొచ్చిందన్న ప్రశ్న దానంతటదే పుడుతుంది. ఆ ప్రశ్న ఏ తనిఖీ బృందమూ ఇంత తొందరగా అడగలేదు. దక్షిణపు కట్ట మీద మంత్రులు, అధికారులు తిరుగుతారు, రాజధాని పనుల బళ్లు తిరుగుతాయి, అక్కడ సైకిళ్లు ఎలా అంటారేమో. 2021లో హైదరాబాద్ ట్యాంక్‌బండ్‌ను ఆదివారం సాయంత్రాలు వాహనాలకు మూసి జనానికి వదిలారు. ఊరికి అంత ముఖ్యమైన దారినే అయిదు గంటలు ఆపగలిగినప్పుడు, కరకట్టలో పది కిలోమీటర్లను ఆదివారం తెల్లవారుజామున అయిదు నుంచి ఎనిమిది దాకా ఆపడం పెద్ద సాహసం కాదు. విజయవాడ ఎండకు ఎనిమిది తర్వాత కట్ట మీద ఉండాలని ఎవరూ కోరరు కూడా.

ప్రాణాల మాటేమిటి?

అన్నిటికంటే బరువైన అభ్యంతరం ఇది. దీన్ని తేలిగ్గా దాటేయడానికి వీల్లేదు. 2017 నవంబరు 12, కార్తీకమాసంలో ఒక ఆదివారం. భవానీ ద్వీపం వైపు నుంచి ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గరి పవిత్ర సంగమానికి హారతి చూడటానికి బయల్దేరిన పడవ ఒడ్డుకు చేరువలో బోల్తా పడి ఇరవై మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది ఒంగోలు నుంచి కలిసి వచ్చిన వాకర్స్ క్లబ్ సభ్యులు. అంటే ఇప్పుడు మనం కోరుతున్నలాంటి సామూహిక విహారానికే వచ్చినవాళ్లు. రెండేళ్లు తిరక్కుండానే 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర విహార బోటు మునిగి యాభై మంది దాకా పోయారు. ఇవి తెలిసీ జనాన్ని నీళ్లలోకి రమ్మంటారా అని ఎవరైనా నిలదీస్తే అది న్యాయమైన ప్రశ్నే. జవాబు ఆ ప్రమాదాల్లోనే ఉంది. మొదటిది అనుమతి లేని పడవ, పట్టేదాని కంటే ఎక్కువ మంది, చాలామందికి లైఫ్ జాకెట్లు లేవు. రెండోది గోదావరి వరదలో ఉన్న రోజు నడిపిన పెద్ద బోటు. రెండింటిలోనూ ప్రయాణికుడు సరుకులాంటివాడు, ఎక్కించిన చోట కూర్చుంటాడు, నీళ్ల గురించి అతనికి ఏమీ తెలియదు, అడిగే అలవాటూ లేదు. ఒక్కరో ఇద్దరో కూర్చునే కయాక్‌లో జాకెట్ కట్టుకోనివాణ్ణి రేవు దాటనివ్వరు. నీటిని చదవడం, తిరగబడితే ఏం చేయాలో తెలుసుకోవడం అక్కడ మొదటి పాఠం. నీళ్లంటే ఏమిటో తెలిసిన జనం పెరిగితే జాకెట్ లేని టిక్కెట్టు బోటు ఎక్కేవాళ్లు కూడా తగ్గుతారు.

చిన్న పడవ అయితే చాలు, ప్రమాదమే ఉండదని దీని అర్థం కాదు. 2022 మేలో కోల్‌కతా రవీంద్ర సరోవరంలో సాధన చేస్తున్న రోయింగ్ పడవ గాలివానకు తిరగబడి ఇద్దరు స్కూలు పిల్లలు చనిపోయారు. వాళ్లు అనుభవం లేనివాళ్లేమీ కాదు, పోటీకి సిద్ధమవుతున్నవాళ్లు. వెంటనే చేరుకునే రక్షక పడవ లేకపోవడం మీదే ఆ తర్వాత చర్చంతా నడిచింది. కొత్త నిబంధనలు రాసుకున్నాకే అక్కడ రోయింగ్ మళ్లీ మొదలైంది. కృష్ణకు కావలసిన నిబంధనలు అంతకంటే కఠినంగా ఉండాలి, ఎందుకంటే ఇక్కడ పక్కనే డెబ్భై గేట్లున్నాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 3.97 లక్షల క్యూసెక్కులకు, రెండోది 5.69 లక్షలకు ఎగరేస్తారు. విహారాలకు ఆ అంకెలు పనికిరావు. ఒక్క గేటు ఒక్క అడుగు లేచినా ఆ రోజుకు తెడ్లు లోపల పెట్టేయాలి. దసరా తర్వాత వరద తగ్గాక మొదలుపెట్టి వేసవి గాలివానల ముందు ఆపేయాలి. బ్యారేజీకి చాలా దూరంలోనే తేలే బంతుల వరస కట్టి దాన్ని దాటడం నిషేధించాలి. ప్రతి గుంపు వెంటా మోటారు పడవ, అందులో ఈతగాళ్లు ఉండాలి. ప్రవాహం చూసి ఆగడం కొత్త సంగతేం కాదు. ప్రవాహం ఎక్కువగా ఉన్న ఏళ్లలో విజయదశమి నాడు కనకదుర్గమ్మ హంసవాహనాన్నే నదిలో తిప్పకుండా ఘాట్ దగ్గరే నిలిపి పూజలు చేశారు. అమ్మవారికే వర్తించిన నియమం మనకు వర్తించదా!

2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. అంతకు ముందెన్నడూ అంత రాలేదు. ఆ వరదలో కట్లు తెగిన భారీ పడవలు కొట్టుకొచ్చి గేట్ల కౌంటర్‌వెయిట్‌లను ఢీకొన్నాయి. వాటిని బయటికి లాగడానికి ఇంజినీర్లు రోజుల తరబడి తంటాలు పడ్డారు. ఎగువన ఏ పడవ ఎవరిది, ఎక్కడ కట్టి ఉంది, ఎంత గట్టిగా కట్టి ఉందన్నది ముందే ఎవరూ గట్టిగా అడగలేదని అప్పుడు మనకు తెలిసొచ్చింది. రేవులు క్రమంగా నడిచే నదిలో పడవల పట్టీ ఉంటుంది, పట్టీ ఉన్నచోట బాధ్యత ఉంటుంది. భద్రత పేరు చెప్పి నదిని మూసేయాలనేవాళ్లు ఈ సంగతి కూడా ఆలోచించాలి.

ఎవరి సరదా ఇది?

ఉన్నవాళ్ల కాలక్షేపం అన్నది రెండో విమర్శ. లక్ష రూపాయల సైకిళ్లు, బిగుతు దుస్తులు, పనికంటే ఫొటోలు ఎక్కువ. ఈ వెక్కిరింతలో నిజం లేకపోలేదు. నిర్వాహకులు జాగ్రత్త పడకపోతే ఏ క్లబ్బయినా ఆరు నెలల్లో అలాగే తయారవుతుంది. కానీ సైకిలూ తెడ్డూ పుట్టుకతో ఎవరివి? పాలు పోసేవాడు, పేపరు వేసేవాడు, కూలికి పోయేవాడు, హైస్కూలుకు వెళ్లే ఆడపిల్ల తొక్కింది సైకిలే. తెడ్డు పట్టింది పల్లెకారులు. డబ్బున్నవాళ్లు వాటిని ఇప్పుడు కనిపెట్టారు, అంతే. హుస్సేన్‌సాగర్‌లో యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేద కుటుంబాల పిల్లలకు, ప్రభుత్వ బడుల పిల్లలకు తెరచాప పడవ నేర్పితే వాళ్లు జాతీయ స్థాయి పోటీలకు వెళ్లారు. ఇదే కృష్ణ దిగువన నాగాయలంకలో మత్స్యకారుల పిల్లలు కయాక్, కనో సాధన చేస్తున్నారు. కాబట్టి ప్రశ్న ఆట ఖరీదు గురించి కాదు, తలుపు ఎవరికి తెరిచి ఉందన్నది. అద్దె సైకిళ్లు, ఊరుమ్మడి కయాక్‌లు, బడి పిల్లలకు ఉచితం అన్న మూడు షరతులు మొదటిరోజే రాసుకోవాలి.

అసలు జాగ్రత్త పడాల్సింది ఇంకో చోట ఉంది. నీళ్ల మీద బతికే చేపలవాళ్లను పక్కకు నెట్టి విహారాలు మొదలైతే అది అన్యాయం, మూర్ఖత్వం కూడా. రాత్రి వేసిన వల తెల్లవారుజామున తీస్తారు. సరిగ్గా అదే వేళకు యాభై కయాక్‌లు ఆ వలల మీదుగా వెళ్తే ఒక ఇంటి ఆ రోజు కూడు పోతుంది. సీతానగరం, కృష్ణలంక, భవానీపురం వైపు మత్స్యకార సంఘాలతో ముందే కూర్చుని ఏ పాయ ఎవరిది, ఏ వేళ ఎవరిది అని తేల్చుకోవాలి. రక్షక పడవలు నడిపే పని, నేర్పే పని జీతమిచ్చి వాళ్లకే అప్పజెప్పాలి. ఎక్కడ ఇసుక మేట వేసింది, ఎక్కడ గుంట ఉంది, ఏ గాలికి ఏ పక్క అల లేస్తుందన్నది వాళ్లకు తెలిసినంత ఏ సర్టిఫికెట్ శిక్షకుడికీ తెలియదు. నగరంలో ఈతగాళ్లు ఒడ్డు నుంచి ఒడ్డుకు పోటీగా నదిని ఈదుతున్నారంటే వెంట రక్షణగా పడవలుండబట్టే. ఆ అనుభవం ఊళ్లోనే ఉంది, ఎక్కణ్ణుంచో తెచ్చుకోనక్కర్లేదు.

నీళ్లు మురికిగా ఉన్నాయి, ముందు శుభ్రం చేసి తర్వాత రమ్మనండి అన్నది మూడో మాట. వినడానికి సబబుగానే ఉంటుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో దేశంలో 351 కలుషిత నదీ భాగాలను గుర్తించింది, 2022 లెక్కకు అవి 311 అయ్యాయి. 2018 జాబితాలో అమరావతి నుంచి హంసలదీవి దాకా కృష్ణ కూడా ఉంది, అయితే అయిదో వర్గంలో, అంటే తీవ్రత అన్నిటికంటే తక్కువ ఉన్న గుంపులో. స్నానానికి పనికొచ్చే నీళ్లలో బీవోడీ, అంటే మురికి కుళ్లడానికి ఖర్చయ్యే ఆక్సిజన్, లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు. మన నది ఆ గీత దగ్గర అటూ ఇటూ ఊగుతోంది. మూసీలాంటి స్థితి ఇది కాదు. చేయి జారిపోకముందే పట్టుకోవాల్సిన స్థితి. శుభ్రపడ్డాకే వస్తామని ఊరంతా ఇంట్లో కూర్చుంటే శుభ్రం చేయమని అడిగేదెవరు? చార్లెస్‌లో పడవలు ముందు వచ్చాయి, శుభ్రత తర్వాత వచ్చింది. అలాగని ఎక్కడ పడితే అక్కడ దించకూడదు. ఊరి మధ్య కాలువల్లో మురుగు కలిసే చోట ఇప్పుడే కయాక్ వేయమనడం బాధ్యత లేని మాట. మొదట బ్యారేజీ ఎగువ నీళ్లలో మొదలుపెట్టాలి. వారం వారం రేవు దగ్గర నీళ్లు పరీక్ష చేయించి ఫలితాన్ని తెలుగులో, పెద్ద అక్షరాల్లో బోర్డు మీద రాయాలి. కాలువల వంతు ఆ తర్వాత. ఆ బోర్డే కాలువలను బాగుచేయమనే ఒత్తిడి తెస్తుంది.

ఇంతకీ దీన్ని ఎవరు చేయాలి? ఇక్కడే చిక్కంతా. గేట్లూ కాలువలూ జలవనరుల శాఖవి. బోట్లు పర్యాటక సంస్థవి. ఉత్తరపు ఘాట్లు విజయవాడ నగరపాలక సంస్థ పరిధిలో, దక్షిణపు ఒడ్డు మంగళగిరి-తాడేపల్లి నగరపాలక సంస్థ, రాజధాని ప్రాంతాభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ) పరిధిలో. 2022 జిల్లాల విభజన తర్వాత బ్యారేజీకి ఒక కొస ఎన్టీఆర్ జిల్లా, ఇంకో కొస గుంటూరు జిల్లా, దిగువ కరకట్ట కృష్ణా జిల్లా. ఒక కయాక్ అరగంట తిరిగితే ఇన్ని కార్యాలయాలు దాటుతుంది. అందువల్ల ఈ పనిని ఏ శాఖకో పథకంగా అప్పజెబితే టెండరు, శంకుస్థాపన, శిలాఫలకం అయ్యాక తుప్పు పట్టిన పడవలు మిగులుతాయి. నడపాల్సింది పౌరుల క్లబ్బులు, కాలేజీలు, మత్స్యకార సంఘాలు. దీన్ని నడపడంలో ప్రభుత్వం చేయాల్సినవి రెండే. ఒకటి, గేటు ఎత్తే కబురు రేవులకు ముందుగా చేరే ఏర్పాటు. కచ్చులూరు తర్వాత బోట్ల మీద నిఘాకు పెట్టిన కంట్రోల్ రూముల్లో ఒకటి విజయవాడ బెరం పార్కులో పెట్టారు కాబట్టి దీనికి పునాది పడే ఉంది. రెండు, అనుమతి ఎవరు ఇవ్వాలో, ఎన్ని రోజుల్లో ఇవ్వాలో తేల్చే ఒకే ఒక ఉత్తర్వు. ఇంతకు మించి కోరితే పని చెడుతుంది.

ఇక ఒడ్డున కావలసిన కట్టడాల మాట. కృష్ణకు 2016 ఆగస్టులో పుష్కరాలు వచ్చాయి, మళ్లీ 2028లో వస్తాయి. దానికి ముందు ఘాట్లకు అంచనాలు వేస్తారు, పాత మెట్లు పగలగొట్టి కొత్త మెట్లు కడతారు, కరకట్టల మీద తారు పోస్తారు. మునకకు మెట్లు కావాలి నిజమే, కానీ మెట్ల మీంచి పడవ దిగదు. ఎగువన రెండు ఘాట్లలోనైనా పడవ దింపడానికి ఒక వాలు, లైఫ్ జాకెట్లు భద్రపరచడానికి ఒక గది, సైకిళ్లు నిలుపుకోవడానికి కాస్త చోటు, నీటి పరీక్ష ఫలితం రాయడానికి ఒక బోర్డు ఆ అంచనాల్లోనే చేరాలి. పుష్కరాల బడ్జెట్‌లో ఈ ఖర్చు ఎవరి కంటికీ ఆనదు. తీరా కాంక్రీటు పోశాక అడిగితే మళ్లీ పన్నెండేళ్లు ఆగాలి. మీ కార్పొరేటరునో, ఎమ్మెల్యేనో, అర్జీల రోజున కలెక్టరు గారినో ఈ ఏడాదే అడగండి.